సి.ఎస్.ఐ. సంఘాల పండుగలు – మనము పాలుపంచుకొను మార్గములు

సరిహద్దు పల్లెలలో చర్చి గంట మ్రోగినప్పుడు ఊరి వారందరికీ ఆ శబ్దము వినబడుతుంది. కానీ లోపల ఏమి జరుగుతున్నదో, తాము వెళ్లవచ్చునో లేదో, వెళ్తే ఎక్కడ కూర్చోవలెనో చాలామందికి తెలియదు. సంఘములో పుట్టి పెరిగిన కుటుంబాలలో సైతము చాలామంది క్రిస్మసుకు ఒకసారి, ఈస్టరుకు ఒకసారి వచ్చి వెనుక బల్లపై కూర్చుని వెళ్లిపోవుచున్నారు. తమకు అక్కడ చేయదగిన పని ఒకటి ఉన్నదని వారికి ఎవరూ చెప్పి ఉండరు. రాబోయే పండుగలు ఏవి, వాటిలో ఎవరు ఏ విధముగా పాలుపంచుకోవచ్చునో వివరించుటయే ఈ వ్యాసపు ఉద్దేశ్యము.

ఆంగ్లికన్ సంఘమనగా ఏది?

ఇంగ్లండు దేశపు సంఘ సంప్రదాయమునుండి వచ్చిన సంఘాలను ఆంగ్లికన్ సంఘాలు అంటారు. తెలుగునాట ఈ సంప్రదాయము ముఖ్యముగా మచిలీపట్నము ద్వారా వేళ్లూనినది. 1841లో సి.ఎం.ఎస్. మిషనరీలైన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అక్కడ దిగినారు. నోబుల్ 1843లో ప్రారంభించిన పాఠశాలయే తరువాత నోబుల్ కళాశాలగా పేరుపొందినది.

ఈ చరిత్రలో సరిహద్దు వాసులమైన మనము ప్రత్యేకముగా గుర్తుంచుకోదగిన వ్యక్తి వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆయన 1874లో తిరునెల్వేలి ప్రాంతములో జన్మించిన తమిళుడు. తెలుగువారి మధ్య పని చేయుటకు దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకొని, తెలుగులోనే బోధించినారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో తొలి భారతీయ బిషపు అయినారు. దోర్నకల్‌లో ఆయన కట్టించిన ప్రధాన దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. హిందూ, ముస్లిం కట్టడ శైలులు రెండూ దానిలో కలిసి కనబడును.

స్వాతంత్ర్యము వచ్చిన నెల తరువాత, 1947 సెప్టెంబరు 27న, దక్షిణాదిలోని ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు మద్రాసులో ఏకమై దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడినవి. అదే మనము వాడుకలో సి.ఎస్.ఐ. అనునది. ఉత్తరాదిలో ఇటువంటి ఐక్యత 1970 నవంబరు 29న నాగపూరులో జరిగి, ఉత్తర ఇండియా సంఘము, అనగా సి.ఎన్.ఐ., ఏర్పడినది. ఈ రెండును ప్రపంచ ఆంగ్లికన్ కూటమిలో సభ్య సంఘములే.

కావున పావగడ, ముళబాగిలు, హోసూరు, తిరుత్తణి వంటి ప్రాంతాలలోని తెలుగువారికి ఆంగ్లికన్ వారసత్వపు సంఘము అనగా సి.ఎస్.ఐ.; రాయగడ, బరంపురము, సిరొంచ, షోలాపూరు వైపున ఉన్నవారికి సి.ఎన్.ఐ. యానాము చుట్టునున్న గోదావరి ప్రాంతము సి.ఎస్.ఐ. పరిధిలోనిది. పేర్లు వేరైనను పండుగల వరుస రెండింటిలోను దాదాపు ఒక్కటే. ఒకచోట నేర్చుకున్నది రెండవచోట పనికివచ్చును.

సంఘ పంచాంగము

మనకు ఉగాదితో సంవత్సరము మొదలగునట్లు, సంఘ సంవత్సరము ఆగమన కాలముతో మొదలగును. నవంబరు 30కి దగ్గరగా వచ్చు ఆదివారము దాని తొలిదినము. 2026లో అది నవంబరు 29, 2027లో నవంబరు 28, 2028లో డిసెంబరు 3. అక్కడినుండి క్రిస్మసు వరకు నాలుగు ఆదివారములు.

పల్లెవారు ఎక్కువగా పాల్గొనునది ఈ కాలములోని క్రిస్మసు పాటల తిరుగుడు. రాత్రి భోజనములైన తరువాత యువకులు, పిల్లలు డోలు, తాళములు, కాగితపు నక్షత్రముతో ఇంటింటికీ వెళ్లి పాడుతారు. తమ ఇంటికి రమ్మని కోరువారు ముందుగా పాస్టరు అయ్యగారికిగాని, యువజన కూటమి పెద్దలకుగాని పేరు చెప్పవలెను. సంఘస్థులు కానివారి ఇండ్లకు కూడ పిలిస్తే సంతోషముగా వస్తారు. పాడగలిగినవారు అభ్యాసమునకు వెళ్లవలెను. అభ్యాసములు సాధారణముగా నవంబరులోనే మొదలగును. డిసెంబరు 20న వచ్చి చేర్చుకొమ్మని అడిగితే పాటల పెద్దకు ఇబ్బంది.

డిసెంబరు 31 రాత్రి సంవత్సరాంతపు ఆరాధన జరుగును. జనవరి మొదటి ఆదివారమున చాలా సంఘములలో నిబంధన ఆరాధన చేస్తారు. ఇది మెథడిస్టు సంప్రదాయమునుండి ఐక్య సంఘములోనికి వచ్చిన ఆచారము.

తరువాతిది శ్రమల కాలము. భస్మ బుధవారముతో మొదలై, ఆదివారములు మినహా నలువది దినములు సాగును. ఈస్టరు తేదీ ప్రతి సంవత్సరము ఎందుకు మారుచున్నదని పిల్లలు అడుగుతారు. మార్చి 21నగాని, ఆ తరువాతగాని వచ్చు పున్నమి దాటిన తొలి ఆదివారము ఈస్టరు. సంఘము ఇందుకు తన సొంత పట్టిక ప్రకారము పున్నమిని లెక్కించును గనుక మన పంచాంగముతో ఒక్కొక్కప్పుడు తేడా రావచ్చును. ఎప్పుడు వచ్చినను అది మార్చి 22కు ముందుగాని, ఏప్రిల్ 25కు తరువాతగాని రాదు. 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28, 2028లో ఏప్రిల్ 16. భస్మ బుధవారము కావలసినవారు ఈస్టరునుండి 46 దినములు వెనుకకు లెక్కించుకోవచ్చును. 2027లో అది ఫిబ్రవరి 10, 2028లో మార్చి 1.

శ్రమల కాలములో వారమునకు ఒకటి రెండు సాయంకాలములు గృహ ప్రార్థన కూటములు జరుగును. ఒక్కొక్క వారము ఒక్కొక్క ఇల్లు. పొలముపనికి పోయివచ్చిన వారికి ఈ కూటము అనుకూలము. చాపలు పరచి, మంచినీళ్లు సిద్ధము చేసి ఆతిథ్యమిచ్చు కుటుంబము చేయవలసినది అంతే. కొత్తవారికి చర్చి మెట్లెక్కుట కంటె పొరుగింటి అరుగు ఎక్కుట సులభము.

మట్టల ఆదివారమున పిల్లలు తాటి, ఈత మట్టలు పట్టుకొని ఊరేగుతారు. ముందురోజు మట్టలు కోసి తెచ్చుట రైతు కుటుంబముల సాయముతోనే జరుగును. మంచి శుక్రవారమున మధ్యాహ్నము పన్నెండు గంటలనుండి మూడు గంటల వరకు సిలువపై క్రీస్తు పలికిన ఏడు మాటలపై ధ్యానము. అనేక సంఘములలో ఈ ఏడు మాటలను ఏడుగురికి పంచుతారు. గురువే మాట్లాడవలెనన్న నియమము లేదు. బడి పంతుళ్లకు, స్త్రీల మైత్రి సభ్యులకు, కళాశాలలో చదువుచున్న యువతకు ఇందులో అవకాశము కలదు. ఒక మాటపై పది నిమిషములు తెలుగులో సిద్ధపడి మాట్లాడగోరువారు శ్రమల కాలము మొదట్లోనే అయ్యగారితో చెప్పుట మంచిది.

ఈస్టరు తెల్లవారుజామున చాలా ఊళ్లలో సమాధుల తోటలో ఆరాధన జరుగును. దానికి ముందటి వారములో కలుపు తీసి, సమాధులకు సున్నము వేసి, క్రొవ్వొత్తులు సిద్ధము చేస్తారు. నగరములకు వలస వెళ్లిన బిడ్డలు తమ తాతముత్తాతల సమాధిని వెదుకుకొనుచు వచ్చు దినమిది. ఏ సమాధి ఎవరిదో చెప్పగల ముసలివారు ప్రతి సంవత్సరము తగ్గిపోవుచున్నారు. వారు ఉండగానే ఒక నోటుపుస్తకములో వరుసగా పేర్లు వ్రాసిపెట్టుట యువజన కూటమి చేయదగిన మంచి పని.

ఈస్టరు తరువాత ఏడవ ఆదివారము పెంతెకోస్తు. వేసవి సెలవులలో పిల్లలకు వేసవి బైబిలు పాఠశాల. సెప్టెంబరు 27న సంఘ ఐక్యతా దినము.

పంట పండుగ

ఇన్నిటిలోను పల్లెవారి స్వభావమునకు సన్నిహితమైనది పంట పండుగ. దీనికి దేశమంతటా ఒకే తేదీ లేదు. ఏ ప్రాంతములో ఏ పంట ఎప్పుడు చేతికి వచ్చునో దానినిబట్టి సంఘ కమిటీ ఆదివారమును నిర్ణయించును. వరి, రాగి, వేరుసెనగ, కంది, గుమ్మడి, అరటి గెల, కొబ్బరికాయ, కోడి, గ్రుడ్లు, చివరికి ఒక సీసా తేనె – ఎవరికి కలిగినది వారు తెచ్చి ముందర పెడతారు. భూమి లేనివారు తాము కుట్టిన గుడ్డనో, అల్లిన బుట్టనో తెస్తారు.

ఆరాధన ముగిసిన తరువాత ఆవరణలో వేలము. అక్కడ ధరకు అర్థమే వేరు. బజారులో నలభై రూపాయలు చేయు గుమ్మడికాయను నాలుగువందలకు పాడుకొనువారు ఉంటారు. పాడుకొన్నవారు దానిని మరల కానుకగా ఇచ్చి రెండవసారి వేలము వేయించుట కూడ కద్దు. ఆ సొమ్ము సంఘపు ఖర్చులకు, బీదల సహాయమునకు పోవును. అన్ని మతాల ఇరుగుపొరుగువారు వేలములో పాల్గొనుటకు ఎటువంటి అభ్యంతరమూ ఉండదు. ధాన్యము తూచుటకు, లెక్క వ్రాయుటకు, వంట చేయుటకు, బల్లలు మోయుటకు మనుషులు కావలెను. కొత్తగా వచ్చినవారికి సంఘముతో పరిచయము కలుగుటకు దీనికి మించిన దినము లేదు. పని చేయుచున్నప్పుడు పేర్లు వాటంతటవే తెలియును.

దీనికి తోబుట్టువు వంటిదే పిడికెడు బియ్యపు కానుక. ఇల్లాలు వంటకు బియ్యము కొలిచినప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారము సంఘమునకు తెచ్చును. చేతిలో రొక్కము లేని కుటుంబము కూడ తలయెత్తుకొని ఇవ్వగలదన్నది ఈ ఆచారము వెనుకనున్న ఆలోచన. తెలుగు పల్లె సంఘములు ఇతరుల ధనముపై ఆధారపడక నిలబడుటలో ఈ పిడికిళ్ల పాత్ర చిన్నది కాదు.

ఎవరికి ఏది తెరచి ఉన్నది?

ఆదివార ఆరాధనకు ఎవరైనను రావచ్చును. పాటలు, వేసవి పాఠశాల, గృహ కూటములు, పంట పండుగ – వీటికి సభ్యత్వముతో పని లేదు. అయితే ప్రభు రాత్రి భోజనమునకు బాప్తిస్మము, సంఘ నియమము ప్రకారము స్థిరీకరణ పొందినవారే వస్తారు. ఆ సమయమున తక్కినవారు తమ స్థానములలోనే కూర్చుని ఉండవచ్చును. అందులో చిన్నతనమేమియు లేదు. ఆరాధన నడుమ ఒకరి చేతులు ఒకరు పట్టుకొని సమాధానము పంచుకొందురు. సి.ఎస్.ఐ. 1950లో రూపొందించుకొన్న ఆరాధన క్రమములో చేర్చిన ఈ పద్ధతి ఇతర దేశముల సంఘములకు కూడ ఆదర్శమైనది. ప్రక్కవారు చేతులు చాచినప్పుడు కొత్తవారు తాము కూడ చేతులు కలిపితే చాలును.

పాస్టరేటు కమిటీ ఎన్నికలలో ఓటు వేయుటకు సంఘపు జాబితాలో పేరుండవలెను. వయస్సు, చందా, హాజరు నియమములు ఆయా డయోసిస్ నిబంధనలను బట్టి మారును. ఎన్నికల ముందు కాక, సంవత్సరారంభముననే జాబితాను అడిగి పేరు సరిచూచుకొనుట తెలివైన పని.

ఆరాధనకు వచ్చుట వేరు, బాప్తిస్మము పొందుట వేరు. రెండవది జీవితకాలపు నిర్ణయము. దానికి చట్టపరమైన పర్యవసానములు కూడ ఉన్నవి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే పరిమితము. ఒడిశాలో 1967 నాటి చట్టము మత మార్పిడికి సంబంధించి నియమములు విధించినది. కనుక నిర్ణయించుకొనగోరు పెద్దలు తొందరపడక, విషయము పూర్తిగా తెలుసుకొని, ఇంటివారితో మాట్లాడి ముందుకు పోవలెను. ఏ మంచి గురువూ ఇందులో తొందరపెట్టడు.

చేయదగిన పనులు

గాత్రము ఉన్నవారికి పాటల బృందము. తెలుగు సంఘములు తరతరములుగా వాడుచున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము కర్ణాటక రాగతాళములలో నడచును. ఆ పుస్తకములోని ప్రసిద్ధ కవులలో ఒకరైన పురుషోత్తమ చౌధరి (1803–1890) ఒడిశా సరిహద్దున పర్లాకిమిడి ప్రాంతముతో సంబంధమున్నవారే. ఆయన బాప్టిస్టు సంఘపు బోధకుడైనను ఆయన కీర్తనలు అన్ని తెలుగు సంఘములలోను పాడబడుచున్నవి. హార్మోనియము, తబలా వాయించగలవారు ఏ పల్లె సంఘములోనైనను వెంటనే ఆదరింపబడుదురు.

స్త్రీల మైత్రి కూటమి వారమునకొకసారి కూడును. రోగులను చూచుట, బాలింతల యింటికి పోవుట, చావు ఇంట అండగా నిలుచుట వీరి పని. స్త్రీలు నేడు కమిటీలలోను, బలిపీఠము వద్దను సేవ చేయుచున్నారు. 2013లో నంద్యాల డయోసిస్‌కు ఇ. పుష్పలలిత బిషపుగా అభిషేకింపబడి, సి.ఎస్.ఐ.లో ఆ పదవిని పొందిన తొలి మహిళ అయినారు.

చదువుకొన్న యువతకు ఆదివారపు బడి, లేఖన పఠనము. పెద్దవారికి కమిటీ, లెక్కలు, భవనపు మరమ్మతు. నడచుటకు శక్తి లేనివారికి సైతము పని కలదు: పాత కీర్తనల రాగములు వారికే తెలుసు, పిల్లలను ఇంటికి పిలిచి నేర్పవచ్చును.

పత్రముల విషయము

సరిహద్దు కుటుంబములకు ఇది అతి ముఖ్యము. మన సంబంధములు రాష్ట్రము దాటి జరుగును: పిల్ల కోలారు వైపు, పిల్లవాడు చిత్తూరు వైపు. క్రైస్తవ వివాహములు 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము క్రింద జరుగును. వధువుకు 18, వరునికి 21 సంవత్సరములు నిండి ఉండవలెను. వివాహమునకు ముందు మూడు ఆదివారములు సంఘములో పెండ్లి ప్రకటన చదువుట ఆచారము. వధూవరులు వేర్వేరు సంఘములవారైతే రెండు చోట్లను చదివించి, అభ్యంతరము లేదన్న పత్రము తీసుకోవలెను. కాబట్టి ముహూర్తమునకు కనీసము రెండు నెలల ముందే ఇద్దరు గురువులను కలియుట మేలు. శ్రమల కాలములో పెండ్లిండ్లు చేయుట అనేక సంఘములలో వాడుక కాదు. మంటపమునకు బయానా ఇచ్చుటకు ముందు పైన చెప్పిన తేదీలు చూచుకోవలెను.

బాప్తిస్మపు దాఖలాలో పేరు ఒక విధముగా, బడి రిజిస్టరులో వేరొక విధముగా, ఆధార్ కార్డులో మరొక విధముగా ఉండుట మన పల్లెలలో సర్వసాధారణము. తెలుగు పేరును కన్నడములోను, తమిళములోను, ఒడియాలోను వ్రాయునప్పుడు అక్షరము మారును, ఇంటిపేరు ముందువెనుకలగును. బిడ్డ పేరు నమోదు చేయించు దినముననే జనన ధృవపత్రము దగ్గర పెట్టుకొని, అందులో ఉన్నట్లే వ్రాయించవలెను. ఊరు మారునప్పుడు పాత సంఘమునుండి బదిలీ పత్రము తీసుకొని క్రొత్త సంఘములో ఇచ్చుట మరువరాదు. అది లేనందున ఎన్నో కుటుంబములు ఇరువది ఏండ్లు చర్చికి పోయికూడ జాబితాలో పేరు లేక ఉండిపోవుచున్నవి.

తెలుగు ఆరాధన ఎన్నాళ్లు?

చివరిగా ఒక మాట. మన పిల్లలు ఇంటిలో తెలుగు మాట్లాడుతారు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో చదువుతారు. తరగతి గదిలో ఉపాధ్యాయులకు రోజూ కనబడు దృశ్యమిది: గలగల తెలుగు మాట్లాడు పిల్లవాడు తెలుగు అక్షరముల ముందు మూగవాడగును. ఆ పిల్లవాడే ఆదివారము చర్చిలో కీర్తన వినును, పుస్తకము తెరువడు. తెరిచినను చదువలేడు.

సంఘములు ఈ స్థితిని చూచుచునే ఉన్నవి. తెలుగు ఆరాధనకు వచ్చువారు పదిమందికి తగ్గినప్పుడు దానిని రాష్ట్ర భాషలోని ఆరాధనలో కలిపివేయుట ఏ కమిటీకైనను సులభమైన మార్గము. దానిలో ఎవరి దురుద్దేశమూ ఉండదు. గురువు ఒక్కడే, వేళ ఒక్కటే, విద్యుత్ బిల్లు ఒక్కటే. కానీ ఒకసారి కలిసిన ఆరాధనను మరల విడదీయుట బహు కష్టము.

దీనికి విరుగుడు ఫిర్యాదు కాదు, హాజరు. ఆదివారపు బడిలో పాఠమునకు ముందు పావుగంట తెలుగు అక్షరములు నేర్పవచ్చును. ఓనమాలు వచ్చిన ఎవరైనను ఈ పనికి అర్హులే. లేఖన పాఠములలో ఒకటి తెలుగులో, ఒకటి రాష్ట్ర భాషలో చదివించవచ్చును. ఆ తెలుగు పాఠమును నెలకొకసారి ఒక పిల్లవాని చేత చదివిస్తే, వాడు ఆ వారమంతయు ఇంటిలో దానిని సాధన చేయును. వానితో పాటు తల్లియు చదువును. రాష్ట్ర భాషను ద్వేషింపక, మన భాషను విడువక నడుచుట సాధ్యమే. దోర్నకల్‌కు వచ్చిన ఆ తమిళ బిషపు చేసి చూపినదదే: తన మాతృభాషను పోగొట్టుకొనలేదు, పొరుగువారి భాషను తనదిగా చేసుకొనెను.

కావున వచ్చే ఆదివారము అరగంట ముందుగా వెళ్లండి. గోడమీది ప్రకటనల బల్ల చదవండి. ఆరాధన ముగిసిన తరువాత వెంటనే బయలుదేరక, అయ్యగారినో అమ్మగారినో కలిసి ఒక్క ప్రశ్న అడగండి: "మేము చేయదగిన పని ఏదైనా ఉన్నదా?" ఆ ప్రశ్నకు లేదన్న జవాబు చెప్పు పల్లె సంఘము ఎక్కడా ఉండదు.